పిచ్చుకకి తేలిక పని

హలో… ఆ, నేనేనమ్మా. బస్టాండులో ఉన్నా.

…బస్సు నడపడానికి కాదు, వెతకడానికి. మా అత్తయ్య ఇల్లు వదిలి వెళ్ళిపోయారు.

…మీ అల్లుడేం చెయ్యలేదు. నేనే. పొద్దున ఆవిణ్ణి నోటికొచ్చినట్టు అన్నాను, పక్కింటివాళ్ళ ముందే. 'నా కడుపు సంగతి ఊరంతా టముకేసి చెప్పారు' అని…

అదే, కొత్త డ్రైవర్లకు నేర్పే పని నాకిస్తామన్నారు కదా? నిన్న ఇంకొకరికి ఇచ్చేశారు. ఎవరో డిపోకి ఫోన్ చేసి, 'రెండో బిడ్డను కనబోతోంది, బస్సు ఎక్కనివ్వకండి, కూర్చుని చేసే పనివ్వండి' అన్నారట.

…ఇంకెక్కడిదమ్మా! కడుపూ లేదు, కాకరకాయా లేదు. కందామా అన్న ఆలోచన, అంతే. అదీ ఇద్దరికే చెప్పాను. అత్తయ్యకీ… నీకూ.

…మాట మార్చకమ్మా.

సరే, విను. నేను డ్యూటీకెళ్తే పాపను గుండెల మీద పడుకోబెట్టుకుని పెంచింది ఎవరు? ఇంకొకరిని కనే ధైర్యం వచ్చిందే ఆవిణ్ణి చూసి. జీతం చూసి కాదు, మీ అల్లుణ్ణి చూసి అసలే కాదు.

…నవ్వకు. ఆవిడ లేకపోతే నాకు ఒక్కర్తే చాలు. రెండో మాటే లేదు.

ఆగాగు, టీ కొట్టు దగ్గర… ఛ, ఎవరో.

అంత నింద వేస్తే ఒక్క మాట తిరిగి అనలేదమ్మా. పాపకి జడేశారు, బడిలో దిగబెట్టారు, సంచీ తీసుకుని వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది.

…ఆవిడ కాదని ఎలా తెలిసిందా? ఇందాక డిపో గుమస్తాను నిలదీశాను. 'ఎవరో పెద్దావిడ. పేరు చెప్పలేదు. మా పిచ్చుక బక్కప్రాణి బాబూ, దానికి తేలిక పనివ్వండి అంది' అన్నాడు. ఇప్పుడు డిపో అంతా నన్ను చూసి కిచకిచలు.

నన్ను పిచ్చుక అని పిలిచేది ఎంతమందమ్మా?

…ఏడవకు. ముందు ఆ ఏడుపు ఆపు.

…తెలుసు. అక్క పుట్టినప్పుడు పోని నీ పని నేను కడుపులో పడగానే పోయింది. బట్టల కొట్టులో కూర్చోడానికి ఒక్క స్టూలు వేసుంటే మానేదానివి కాదు. తెలుసమ్మా, వంద సార్లు విన్నాను. నా మేలు కోరే చేశావు. నన్ను ఒక్క మాట అడగొచ్చుగా?

…నీ తప్పు నీది. నా నోటి సంగతేంటి? తల ఎక్కడ పెట్టుకోను?

అదిగో… చివరి బల్ల మీద. పాప నీళ్ళ సీసా ఆవిడ మెళ్ళోనే ఉంది, ఇవ్వడం మరిచిపోయినట్టున్నారు…

వద్దు, పెట్టెయ్యకు. నువ్వూ వినాలి.

అత్తయ్యా… లేవకండి. నా మొహం చూడక్కర్లేదు, మీ మొహం చూడ్డానికి నాకే సిగ్గుగా ఉంది. డిపోకి ఫోన్ చేసింది మీరు కాదు.

…ఎవరా?

అమ్మా, ఉన్నావా లైన్లో?

…మా అమ్మ, అత్తయ్యా. మా అమ్మే చేసింది.