వాపు దిగిన చేతులు

నంద్యాల ఆస్పత్రి గేటు బయట, అరుగు మీద. ఆళ్లగడ్డలో గాజులమ్మే మదార్‌బీ, ఆమె కూతురు సాజిదా.

“జబ్బు లేదన్నారా? ఎవరన్నది?”

“పరదేశం నుంచి క్యాంపుకొచ్చిన ఆ డాక్టరమ్మే. బస్టాండుకు పోదాం పా.”

“యాడికి పోయేది మా? కీళ్లవాతానికి మన దిక్కు ఒక్క డాక్టరన్నా ఉండాడా? వాళ్లొచ్చి మనోళ్లకు నేర్పిస్తాండారు. ఈ పొద్దు పేరెక్కినోళ్లకే నెలనెలా మందులు. మళ్లా వాళ్లొచ్చేది యాడాదికి! అంతలోకి నీ వేళ్లు కొంకర్లు పోతాయి.”

“పోనీలే.”

“ఏంది పోనిచ్చేది? సరిగ్గా చూసినారా అసలు?”

“కణుపు కణుపూ ఒత్తి చూసినారు. వాపు లేదన్నారు.”

“రక్తం తీయలేదా?”

“వాపున్నోళ్లకే తీస్తాండారు.”

“నేను పోయి అడుగుతా. నీకు జడ గూడా నేనే ఏస్తాండానని చెప్తా.”

“వద్దు సాజిదా. నవ్వుతారు.”

“ఎందుకు నవ్వేది?”

“ఆయమ్మ చేతులు బోడిగా ఉండె. చూళ్లేక... మలారం మూట ఇప్పి గాజులు తొడిగితి.”

“నువ్వా? ఆ వేళ్లతోనా?”

“ఒక్కటీ పగల్లా.”

“నిన్న చాయ్ గ్లాసు జారిడిస్తివి, ఈ పొద్దు గాజులు తొడిగితివా! మా, ఇట్ల చూడు. మన వీధి సంజీవయ్యతో సూదేయించుకున్యావా?”

“ఎండ ముదురుతాంది, పా.”

“మా!”

“...రాత్రి ఏయించుకుంటి.”

“ఆ సూదికే గదా వాపు దిగేది! ఈ ఒక్క పొద్దు ఓర్చుకోలేకపోతివా?”

“ఓర్చుకుంటే బస్సెట్ల ఎక్కాల? కమ్మీ పట్టుకోను చెయ్యేది?”

“సూదేమన్నా ఏయించుకున్యావా అని లోపల అడగలేదా?”

“మన నర్సమ్మ అడిగె.”

“ఏం జెప్తివి?”

“లేదంటి.”

“అల్లా! ఎందుకు మా? పా, ఇంకా లోపలే ఉండారు. ఇప్పుడన్నా చెప్దాం, లెయ్!”

“చెప్తే ఎవరేసినారంటారు. సర్టిఫికెట్ లేని డాక్టరని సంజీవయ్య కొట్టు మూపిస్తారు.”

“మూపిస్తే మూపీనీ! నీ చేతులకంటే ఎక్కువా ఆయన?”

“చెప్పినా పేరెక్కిస్తారో లేదో. ఆ డాక్టరమ్మ సాయంత్రానికి పోతాది. సూది పవరు రేపో ఎల్లుండో పోతాది. అప్పుడు ఎవరి తలుపు కొట్టాల్నో చెప్పు, లేస్తా.”