టోర్మడ్ పచ్చ కారు

టైర్లలో గాలి కొట్టించాలి, కుక్కకు నీళ్ళు పెట్టాలి, టార్బర్ట్ రేవులో ఓడ అందుకోవాలి, స్కై దీవి కొండలు చూడాలి, సాయంత్రానికి ఇన్వర్నెస్ నగరంలో తాతయ్య టోర్మడ్ పాత పచ్చ కారును కొనేవాడికి అప్పగించాలి. స్కాట్లండ్‌లోని హారిస్ దీవిలో ఇరుకు రోడ్డు మీద కూతురు కారు నడుపుతోంది. పక్కన తల్లి.

“లారీ వస్తోంది, పక్కకు తప్పుకో తల్లీ.”

“చూశానమ్మా. అరిచి కుక్కని లేపకు.”

“అదిగో, పలకరింపుగా చూపుడువేలు లేపాడు. నువ్వూ స్టీరింగు మీంచి ఒక్క వేలు లేపు. చెయ్యంతా ఊపితే టూరిస్టువనుకుంటారు.”

“ఇందాకట్నుంచీ అందరూ లేపుతున్నారు. నేనెవరో వీళ్ళకేం తెలుసు?”

“నీ మొహం ఎవరిక్కావాలే! కారుకి లేపుతున్నారు. మీ తాతయ్య ఎదురొచ్చినవాడికి దారివ్వకుండా ఏనాడూ పోలేదు.”

“ఆయన పోయారని తెలీదా వీళ్ళకి?”

“తెలీకేం? ఆ లారీ అతను శవపేటికకి భుజం పట్టాడు.”

ఎదురుగా పోస్టు బండి కనబడగానే కూతురు తనే ముందు తప్పుకుని వేలు లేపింది.

“ఇన్వర్నెస్‌లో దీనికి ఎవరు వేలు లేపుతారమ్మా?”

“హారన్ కొడతారు.”

“కారు అమ్మనని ఆ కొనేవాడికి చెప్పేయనా?”

“అమ్మేద్దామన్నది నువ్వేగా! నువ్వు రోడ్డు చూడు, ఫోను నేను చేస్తా. నంబరు పొద్దున్నుంచీ నొక్కబోయి ఆగుతున్నా.”

“మరి స్కై కొండల మాటేమిటి?”

“చూసి, ఇదే కారులో వెనక్కొద్దాం.”

మీరెప్పుడైనా ఆ దారిన వెళ్తే, ఎదురుగా పాత పచ్చ కారొకటి వస్తే, తప్పుకుని ఒక్క వేలు లేపండి. టోర్మడ్ అనే పెద్దాయన్ని తలుచుకోండి.