అడిగినా ఇవ్వొద్దన్న బల్బు

ఏం దొరికిందమ్మా ఆ పెట్టెలో, ఎర్ర బల్బా? అయ్యో, పారెయ్యకు తల్లీ, ఇటివ్వు. వెలగదని నాకూ తెలుసులే. అది మా బావది. బావంటే మా అక్క మొగుడు, ఫొటోలాయన. నువ్వు పుట్టకముందే పోయాడు, నీకెలా తెలుస్తాడు. వీధివైపు గదిలో తెరా, స్టూలూ, కెమెరా. వెనక, వంటింటిని ఆనుకుని, సామాన్ల గదిని ఫొటోలు కడిగే చీకటి గది చేసుకున్నాడు. మా అక్క ఏం వండినా మందుల వాసనే. "ఈయన్ని కట్టుకున్నానో, మందుల కొట్టును కట్టుకున్నానో" అనేది. అంటూనే ఆయన మెచ్చుకున్న ఫొటోలన్నీ గోడలకు తనే తగిలించేది, అదీ మా అక్క.

ఈ బల్బెందుకంటావా? అదే చెప్తున్నా. బావనడిగితే ముందు దండెం తాడు విప్పేవాడు. ఒక కొస నా చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుని మెల్లగా ఊపేవాడు. "చూశావా, పొడుగు అల. ఇది ఎరుపనుకో." తర్వాత గబగబా ఊపేవాడు. "ఇదుగో, పొట్టి అల. ఇది నీలం. చెయ్యి లాగేస్తోంది చూడు, దీనికి బలమెక్కువ!" అవతల మా అక్క, "ఆరేసిన బట్టలన్నీ మట్టిపాలు చేశావు గదయ్యా!" అని కేకలు. ఆయనకు వినపడితేనా. వెలుతురంటే అలలేనట. రేడియోకొచ్చేవి బాగా పొడుగువి, తర్వాత పొయ్యి ముందు కూర్చుంటే ఒంటికి తగిలే వేడి, ఆ తర్వాత ఎరుపు, పసుపు, నీలం, ఊదా. అదీ దాటితే ఎండలో చర్మాన్ని మాడ్చేది, ఇంకా అవతల ఎముకల ఫొటో తీసే ఎక్స్‌రే. "అన్నీ ఒక తల్లి పిల్లలేరా. ఏమీ లేని చోట వదిలిపెట్టు, అన్నీ ఒకే వేగంతో పరిగెడతాయి. అల పొడుగే తేడా. మన కళ్ళకు ఆనేది మధ్యలో చిటికెడు" అనేవాడు. ఆయన వాడే ఫిల్ముకు నీలం సోకితే నల్లబడుతుంది. ఎర్ర అల నీరసం అల, ఫిల్ము మీద పూసిన మందును కదిలించలేదు. అందుకని చీకటి గదిలో ఈ బల్బు. లోపలికి వెళ్తూనే చెయ్యి దానంతటదే స్విచ్చు మీదకు పోయేది.

ఆ చెయ్యే కొంప ముంచింది. మా వీధి చివర బట్టలు కుట్టే ఆవిడుండేది. ఒక్కతే కూతురు, జ్వరమొచ్చి పోయింది. ఆ పిల్లది ఒకటే ఫొటో, బావ తీసిందే. నెగెటివ్ ఏమైందంటే, ఆ ఏడు వానలకు గది కారి డబ్బాలో ఉన్నవన్నీ అతుక్కుపోయాయి. అప్పటివి నలుపూ తెలుపూ ఫొటోలు, రంగులు కావాలంటే బావ సన్న కుంచెతో అద్దేవాడు. ఆ పిల్ల జడ రిబ్బనుకు మాత్రం ఎరుపు అద్దాడు, తల్లి అడిగితే. ఆవిడ భర్త పంతులు. పరీక్ష పేపర్లు దిద్దుతుంటే ఎర్ర సిరా బుడ్డి ఒరిగి, సరిగ్గా పిల్ల మొహం మీద పడింది. తుడవబోతే ఫొటో పైపొరే లేచొస్తోంది. ఆవిడొచ్చి, "అన్నయ్యా, మొహం కనపడితే చాలు, ఇంకేమీ వద్దు" అంది. ఏడవలేదమ్మా. ఏడ్చినా బాగుండేది.

బావ ఏం చేశాడో తెలుసా? ఎర్ర గాజుముక్క తీసి ఆవిడ కంటికి అడ్డం పెట్టాడు. "ఇప్పుడు చూడమ్మా." అంతే, సిరా మాయం! పిల్ల నవ్వుతోంది! నేనూ చూశాను. ఎర్ర వెలుతురులో ఎర్ర సిరా, తెల్ల కాగితం ఒకేలా కనపడతాయట. సరే, ఆ గాజులోంచే మళ్ళీ ఫొటో తీస్తే సరి. కానీ ఆయన ఫిల్ముకు ఎరుపు కనపడదు గదా! అన్ని రంగులూ చూసే ఫిల్ము కావాలి. వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి ఎక్కడినుంచో రెండు ముక్కలు తెప్పించాడు. మొదటిది తీశాడు, చీకటి గదిలోకెళ్ళాడు, అలవాటు ప్రకారం టక్కున బల్బు వేశాడు. ఎరుపును చూసే ఫిల్ము ఎర్ర బల్బును చూడకుండా ఊరుకుంటుందా? మొత్తం నల్లగా మాడినట్టైపోయింది. బావ గడప మీద కూలబడ్డాడు. ఇంకొక్క ముక్కే ఉంది.

మర్నాడు రెండో ముక్క తీసి, బల్బు ఊడదీసి నా చేతిలో పెట్టాడు. "ఒరే, ఇది నీ దగ్గరుంచు. నేనడిగినా ఇవ్వకు." మెయిన్ స్విచ్చు ఆపేసి, ఎవరూ వెయ్యకుండా అక్కడ అక్కను నిలబెట్టాడు. లోపల కటిక చీకటి. ట్రేలు తడుముకుంటున్న చప్పుడు, తనలో తను గొణుక్కోవడం. ఉన్నట్టుండి, "ఒరే బావమరిదీ, బల్బియ్యరా, ఏమీ కనపడి చావట్లేదు!" "ఇవ్వను బావా!" "శభాష్!" అక్కకు నవ్వాగలేదు, నోట్లో కొంగు కుక్కుకుంది.

వచ్చిందమ్మా! మచ్చ లేకుండా వచ్చింది. ఆవిడ కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. చూసి, "రిబ్బనేదన్నయ్యా?" అంది. మేమూ చూశాం, నిజమే. సిరాతోపాటు రిబ్బను ఎరుపు కూడా పోయింది మరి. ఏ ఎరుపు ఉంచాలో, ఏది తియ్యాలో వెలుతురుకేం తెలుసు? ఆవిడ ఇంటికెళ్ళి ఆ రిబ్బనే పట్టుకొచ్చింది. బావ పక్కన కూర్చుని, "ఇంకాస్త ముదురు... ఆ, అదీ" అంటుంటే ఆయన అద్దుతూ పోయాడు. అద్దుతున్నంతసేపూ పిల్ల కబుర్లే చెప్పింది, జడ వేయించుకోడానికి ఎంత పేచీ పెట్టేదో అవీ ఇవీ. అప్పుడు ఏడ్చింది. నోరు మూయని మా బావ ఆవేళ అలల ఊసే ఎత్తలేదు. అలాంటి మనిషిని నేను మళ్ళీ చూళ్ళేదమ్మా.

బల్బా? అదిక అడగనే లేదు, ఇంకోటి కొనుక్కున్నాడు. ఎప్పుడైనా నేనే గుర్తు చేస్తే, "అడిగినా ఇవ్వొద్దన్నానుగా" అని నవ్వేవాడు. ఇప్పుడొచ్చి అడిగితే మాత్రం... ఏదీ, ఆ గుడ్డ ఇలా ఇవ్వు, దుమ్ము పట్టింది.