రేకుల కప్పుకి జ్వరం

రెండుంబావు అయింది, ఈ ఉక్కలో పిల్లాడికి టోపీ తొడుగుతున్నావేంటే? తియ్, తియ్. గోనెసంచుల నర్సమ్మ చూసుంటేనా, ఆ టోపీ నీకు పెట్టి ఎండలో నించోబెట్టేది. ఎవరంటావేంటి? ఆస్పత్రి నర్సు, మీ అమ్మని మొదట ఈ తాత చేతుల్లో పెట్టింది ఆవిడే కదే! మనిషి జానెడు, నోరు బారెడు. పోయి ముప్పై ఏళ్లయిందిలే.

అప్పట్లో కాన్పుల వార్డు మేడమీద, రేకుల కింద. కింద చల్లటి గదేమో ఫైళ్లకి! మీ అమ్మ పుట్టిన మూడోరోజు ఒళ్లు కాలిపోతోంది, పాలు తాగదు, ఏడవడానిక్కూడా ఓపిక లేదు. మీ అమ్మమ్మ కొంగుతో విసురుతూనే ఉంది.  నేను వార్డంతా తిరిగి చూస్తే పన్నెండుమంది పిల్లల్లో తొమ్మిదిమందికి అదే జ్వరం. పొద్దున ఉండదు, మధ్యాహ్నం వస్తుంది, పొద్దు గూకితే పోతుంది. "ఇది పిల్లల జ్వరం కాదయ్యా, కప్పుది" అంది నర్సమ్మ. అని ఊరుకుందా? థర్మామీటరు తీసుకెళ్లి పైన దూలానికి కట్టింది. నూట ఎనిమిది దాటాక పాదరసం పోవడానికి ఇక చోటే లేదు. కొత్త కేసు షీటు మీద, రోగి పేరు రేకుల కప్పు, జ్వరం నూట ఎనిమిది అని రాసి, పిల్లల షీట్ల మధ్యలో దూర్చి పెద్ద డాక్టరుగారి ముందు పెట్టింది. ఆయన తల ఎత్తితేగా! అన్నిటిమీదా గిలికినట్టే దానిమీదా "తడిగుడ్డ వేయాలి, గంటకోసారి" అని గిలికేశారు.

ఇక చూడు. షీటు పట్టుకుని స్టోరుకెళ్లింది. "ఇన్ని గోనెసంచులెందుకమ్మా?" అన్నాడు స్టోరాయన. "రోగి కాస్త భారీమనిషి. డాక్టరుగారు రాశారు, చదువుకో." సంచులు రేకుల మీద పరిచి తడపమని బాలింతల మొగుళ్లందరినీ నిచ్చెనెక్కించింది. "నాన్నా అని పిలిపించుకోవాలని ఉబలాటం ఉంటే సరా? బకెట్టు పట్టు!" మూడో బకెట్టుకి నేను జారి, నీళ్లన్నీ నా నెత్తినే పోసుకున్నా. కిటికీలోంచి చూసి మీ అమ్మమ్మ పకపకా నవ్వింది, మూడురోజుల్లో అదే మొదటిసారి. నాలుగింటికి మీ అమ్మ కేరుమంది. పాలకే!

మర్నాడు వార్డు కిందికి దిగింది, ఫైళ్లు మేడెక్కాయి. ఎవరి హుకుమో ఎవరూ చెప్పలేదు. ఆ షీటు సంగతి డాక్టరుగారికి తెలిస్తే నర్సమ్మ ఉద్యోగం ఊడుతుందని మా గుబులు మాది. ఐదురోజులకి ఇంటికి పంపే కాగితాలు రాస్తూ, గుమాస్తా ఆ షీటు తీసి నాకు చూపించాడు. నర్సమ్మ ఖాళీగా వదిలేసిన వయసు గడిలో, ఆనక అదే సిరాతో రాసిన డాక్టరుగారి గిలుకుడు: "బాగా ముసలిది. దీనికి వైద్యం లేదు. వార్డుని కిందికి దింపండి."