‘వేదం’ చీటీపై లేని సంతకం

పంతొమ్మిది వందల తొంభై మూడు జూలై పన్నెండున, సోమవారం ఉదయం పది గంటలకు, నిఘంటు కార్యాలయంలో సహాయ సంపాదకురాలిగా చేరిన మా మాన్య సహోద్యోగిని, ముప్పై రెండేళ్ల అనంతరం అదే హోదాలో, అదే కిటికీ పక్క బల్ల నుంచి నేడు పదవీ విరమణ చేస్తున్నారు. పదోన్నతి ఎందుకు రాలేదన్నది సన్మాన సంచికలో రాయదగిన విషయం కాదని పెద్దలు సెలవిచ్చారు. అది రాయకపోతే ఇక రాయడానికి మిగిలేది వారి సమయపాలనే.

తొలి దశాబ్దంలో వకార విభాగం వారికి అప్పగించబడింది. అందులో ‘వేదం’ అన్న ఒక్క మాటకే నాలుగేళ్లు వెచ్చించారు. ‘విద్’ ధాతువుకు తెలుసుకొనుట అని అర్థమనీ, విద్య, విద్వాంసుడు, వేత్త ఆ ఇంటివారేననీ, పవిత్ర వాఙ్మయానికి ఆ పేరు తెలివిడి నుంచే వచ్చిందనీ సవివరంగా నిరూపించారు. ఆ రోజుల్లో బడిలో వారి అమ్మాయిని టీచరు, “మీ అమ్మగారు ఏం చేస్తారు?” అని అడిగితే, “ఒక మాట రాస్తోందండీ. ఇంకా అవలేదు” అందట.

ఆ శ్రమకు ఎసరు పెట్టింది మా లిఫ్టు. దాన్ని బాగుచేయడానికి వచ్చిన మెకానిక్కు, “నాకు మా మేస్త్రీ మాటే వేదమమ్మా. ఆయన వద్దంటే ఈ తీగ ముట్టుకోను” అన్నాడు. వారు తాగుతున్న కాఫీ పక్కనపెట్టి, ఆ మాటను తేదీతో సహా ‘వేదం’ పదవివరణ రాసే చీటీకెక్కించి, ‘ఎదురుచెప్పక పాటించే మాట’ అని మూడవ అర్థం చేర్చారు.

నాటి సంచాలకులకు ఒళ్లు మండింది.

“వేదానికి అర్థం లిఫ్టు మెకానిక్కుని అడిగి రాస్తారా? కొట్టేయండి.”

“అతను మాట్లాడేదీ మన భాషేనండీ. జనం నోట్లో ఉన్న అర్థాన్ని నేనెలా కొట్టేస్తాను?”

రాసినవారి సంతకం లేనిదే ఏ చీటీ అచ్చుకు వెళ్లరాదన్నది మా కార్యాలయ నియమం. సంచాలకులు ధాతుచర్చనూ మూడవ అర్థాన్నీ కొట్టేసి, ‘పవిత్ర గ్రంథం’ అన్న రెండు మాటలు మిగిల్చి, సంతకం పెట్టమన్నారు. బతిమాలినా, పదోన్నతి ఆశ చూపినా, ఆపై బెదిరించినా వారు పెట్టలేదు. మూడవ వారం ఆ చీటీ పక్క బల్లకు వెళ్లింది. అక్కడ సంతకం పడింది. సంపుటం వెలువడింది, కొంతకాలానికి ప్రధాన సంపాదక పదవి కూడా ఆ పక్క బల్లకే దక్కింది.

ఆ సంతకం ఈ వ్యాసకర్తది. ఇరవై ఏళ్లుగా వారు అతణ్ణి ఒక్క మాట అనలేదు. రోజూ నవ్వుతూ పలకరించారు. అది తిట్టినదానికన్నా ఎక్కువ బాధించింది. మొన్న ఈ వ్యాసం ఎవరు రాయాలన్న మాట వచ్చినప్పుడు మాత్రం, “ఆయన్నే రాయమనండి. నా పని కింద సంతకం పెట్టడం ఆయనకి అలవాటే” అన్నారు.

వారు మొదట రాసిన ఆ చీటీ యథాతథంగా అచ్చయిన మలి ముద్రణను వారు కళ్లారా చూడాలి. అందుకు అనుమతి ఇవ్వవలసింది ఈ వ్యాసకర్తే. అతనికింకా పద్నాలుగు నెలల సర్వీసుంది; ఇన్నేళ్లూ రాని ధైర్యం ఆ పద్నాలుగు నెలల్లో వస్తుందని అతనికే నమ్మకం లేదు గనుక, తన తరువాత ఆ కుర్చీలోకి మరొకరు వచ్చేదాకా, ఇంకా ఆ పైనా, వారు సంపూర్ణ ఆరోగ్యంతో నిండుగా జీవించాలని చేతులు జోడించి కోరుకుంటున్నాడు.