మూడో భార్యకు చుక్కల మందు

పర్చూరు పక్క పల్లె, తొంభై తొమ్మిది వేసవి. శుక్లాల ఆపరేషనయిన సుబ్బరావమ్మ వసారాలో మంచం మీద ఉంది. దగ్గరి టౌను పేట నుంచి తెచ్చిన అద్దె నవల చేతిలోనే ఉన్నా, మొగుడు బాపయ్య ఇప్పుడు చదవడం లేదు.

"అక్షరం మింగలేదు, అక్షరం కలపలేదు. అచ్చులో ఎట్టా ఉందో అట్టానే చదివా. నాలా నవల చదివి వినిపించేవాడు ఇటు పొన్నూరు దాకా ఉంటే చూపించు, మీసం తీసేస్తా."

"నేను కాదన్నానా? అందుకేగా కంట్లో మందు వద్దంటన్నా."

"నవలకీ నీ కంటికీ ఏంది సంబంధం?"

"ఆ రాజారాం మూడో పెళ్ళాన్ని ఎట్టా చంపాడు?"

"ఇప్పుడదెందుకే?"

"చదివింది నువ్వేగా. చెప్పు."

"కంట్లో... చుక్కల మందేసి."

"ఆఁ. బంగారం, బుజ్జమ్మా అంటా గడ్డం పట్టుకొని రెండు చుక్కలేశాడు. తెల్లారేసరికి మనిషి లేదు. దినం నాడు వాడు గారెలు బాగా కుదిరాయని వంటమనిషిని మెచ్చుకున్నాడు."

"గారెల కాడ నువ్వు పగలబడి నవ్వావు."

"నవ్వా. పడుకున్నాక నిద్ర పట్టలా."

"నేను అట్టాంటి మొగుణ్ణా సుబ్బులూ?"

"వాడూ మొదటిదానితో ఇదే మాటన్నాడు."

"ఓసినీ... పేట డాక్టరు ఏమన్నాడో విన్నావుగా. పూటపూటా చుక్కలు పడకపోతే చీము పట్టి కన్ను పోద్దన్నాడు. నిన్నటి నుంచి ఒక్క చుక్క పడలా. పండు మిరపకాయలా ఎట్టా ఉందో నీకేం తెలుసు, చూసేది నేను."

"కన్ను పోతే ఇంకోటి ఉంది. ప్రాణం ఇంకోటి లేదుగా. పైగా ఆ సీసా వాసన చూశా. పత్తి మందు వాసనేస్తంది."

"పురుగుమందు డబ్బా పక్కన పెడితే ఆ వాసనే వస్తది."

"కంటి మందు తీసుకెళ్ళి పురుగుమందు పక్కన పెట్టిన మొగుణ్ణి నేను నమ్మాలా?"

"ఇదిగో, విను. పుస్తకంలో చుక్కల మందు లేదు."

"ఏందీ?"

"పాలల్లో కలిపాడు వాడు."

"ఇప్పుడేగా అక్షరం కలపలేదన్నావు."

"అక్షరం కలపలా. సీసా ఒకటి కలిపా."

"మరి గారెలో?"

"గారెలూ నావే. పుస్తకంలో ఉత్త ఉప్మా. దినానికి ఉప్మా ఏందని నేనే మార్చా."

"నమ్మను. నాకు మందెయ్యడానికి మాట మారుస్తన్నావు."

"చూద్దువు గాని ఉండు. ఖైరున్నీసా... ఓ అమ్మాయ్, గోడవతల ఉన్నావా? ఒకసారి ఇట్టా రా."

"ఏంది బాబాయ్? పిన్నికి గానీ బాలేదా?"

"నోరు బానే ఉంది. ఈ పేజీ, ఇదిగో ఇక్కణ్ణుంచి, పిన్నికి వినపడేట్టు చదువు."

"'రాజారాం గోరువెచ్చని పాలలో పొడి కలిపి మూడో భార్యకు అందించాడు. ఆమె తాగి, చక్కెర తగ్గిందండీ అంది. అవే ఆమె ఆఖరి మాటలు.' ఇదేం పుస్తకం బాబాయ్, కట్టు విప్పిన మనిషికి చదివేది?"

"చుక్కలు లేవా అమ్మాయ్?"

"చుక్కలెక్కడివి పిన్నీ? పాలే."

"అయితే సరే. వెల్లకిలా పడుకుంటన్నా. వచ్చి వెయ్యవయ్యా."

"ఖైరున్నీసా వేస్తదిలే. వచ్చింది గదా."

"నేనా? పొద్దుట్నుంచి మిరపకాయలకి తొడిమలు తీస్తన్నా బాబాయ్. ఎంత కడిగినా ఘాటు పోదు. ఈ చేతులు పిన్ని కంటి దాపుకి తేకూడదు."

"మీ చెల్లి కరీమున్ని పిలువు."

"అదీ ఆ కాయల మీదే ఉంది."

"ఈ ఊళ్ళో మిరపకాయ ముట్టుకోని చెయ్యే లేదా?"

"ఉంది బాబాయ్. నీదే."

"సరే, కాసేపాగి... కాఫీ తాగి..."

"కాఫీ ఏందయ్యా? చీము పట్టుద్దని ఇందాకటి నుంచి అరిచింది నువ్వేగా. ఆ చెయ్యి కండువా కింద దాస్తావేంది? ఇంకో కన్ను కనపడతందిలే నాకు. తియ్యి బయటికి."

"అమ్మాయ్, నువ్వు కాయల దగ్గరికి పో తల్లీ."

"ఆమెను పొమ్మంటావేంది? ఉండమ్మా. ఏందయ్యా నీ సంగతి?"

"సుబ్బులూ, నీ కన్ను ఎర్రబడింది చుక్కలు పడక కాదే. మొన్న నేను వేసేటప్పుడు ఈ చెయ్యి వణికి సీసా మూతి గుచ్చుకుంది, నలుసు పడిందని నీకు అబద్ధం చెప్పా. మళ్ళీ వెయ్యమంటావని భయమేసి, నాకు జడిసైనా ఈ అమ్మాయిని పిలుచుకుంటావులే అనుకొని, రాజారాం చేతిలో పాలగ్లాసు తీసేసి చుక్కల సీసా పెట్టా."