ఐదు ఫోన్లు

అమెరికాలోని అరోరాలో చిన్నారి క్రిస్టీ భూస్థాపన అయ్యాక, వాళ్లమ్మ డాక్టర్ దగ్గరికి వచ్చింది. ఆయనా వాళ్ల తెలుగు చర్చి మనిషే.

"అన్నయ్యా, క్రిస్టీకి లంగ్ ఇన్ఫెక్షన్ ఎన్నిసార్లు వచ్చిందని హాస్పిటల్లో అడిగారు. రికార్డులో ఒక్కటే ఉందంట."

"నువ్వేం చెప్పావమ్మా?"

"ఆరన్నాను. మిగతా ఐదుసార్లూ మీరు ఫోన్‌లోనే దగ్గు విని, ఫార్మసీకి మందు చెప్పారు కదా."

"ఒక్కటీ రాసిపెట్టలేదు. రాసుంటే రెండోసారికే బ్లడ్ టెస్ట్ చేయించేవాణ్ణి. పుట్టుకతోనే ఇమ్యూనిటీ లేదని తెలిసేది. నెలనెలా యాంటీబాడీలు ఎక్కిస్తే బతికేది."

"అలా అనకండి. సొంతవాళ్లలా సాయం చేశారు."

"ఆ సాయమే కొంప ముంచిందమ్మా."

"...క్రిస్టీ చెల్లికి నిన్నట్నుంచి దగ్గు, అన్నయ్యా. ఫార్మసీకి ఒక్క ఫోన్ చేస్తారా?"

"చేయనమ్మా. దాన్ని కారెక్కించు. ముందు రక్తం తీయించాలి."